పేరు వినని ట్రంపెట్ కొనొచ్చా?

ప్రశ్న: మాది ముషీరాబాద్. పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాను. నా బాజా మీరట్‌లో చేసింది. మా అబ్బాయికి 13 ఏళ్లు, చర్చిలో నేర్చుకుంటున్నాడు. వచ్చే ఏడు ట్రినిటీ సంగీత గ్రేడ్ పరీక్ష ఇప్పిద్దామని వాళ్ల మాస్టర్ అంటున్నారు. దుకాణంలో యమహా 2330 చూశాం. ఈలోగా అమెరికా నుంచి తిరిగొచ్చిన ఒకాయన తన పాత ‘గెట్జెన్ ఎటర్నా’ను దాదాపు సగం ధరకే ఇస్తానన్నాడు. ఊది చూస్తే గొంతు చాలా బాగుంది. మా బ్యాండ్ ఉస్తాద్ మాత్రం ‘పేరు వినని బాజా కొనకు, అంత మంచిదైతే ఎవరికీ ఎందుకు తెలీదు?’ అంటున్నాడు. మంచి కంపెనీలు ఎందుకు పైకి రావు? మేం ఏది కొనాలి?

సమాధానం: మీ ఉస్తాద్ అడిగినదాంట్లో న్యాయం ఉంది. మంచి సరుకైతే నలుగురి నోటా పడాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ట్రంపెట్ల విషయంలో పనితనం ఒక్కటే పేరు తెచ్చిపెట్టదు. దుకాణాల్లో కనబడాలి, టీచర్లు చెప్పాలి, విడిభాగాలు దొరకాలి, మళ్లీ అమ్మితే డబ్బు రావాలి. ఇవన్నీ కుదిరాకే గొంతు సంగతి వస్తుంది.

ముందుగా ఒక మాట. గెట్జెన్ ఊరూపేరూ లేని కంపెనీ కాదు. 1939లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, ఎల్క్‌హార్న్ ఊళ్లో మొదలైంది. అక్కడి టీవీలో ఏళ్ల తరబడి బ్యాండ్ నడిపిన డాక్ సెవరిన్‌సెన్ పేరు మీద ఎటర్నా ట్రంపెట్ ఒకటి అమ్మేవాళ్లు. దాని వాల్వులకు (వేలితో నొక్కితే లోపల పిస్టన్ కదిలే భాగాలు) వాయించేవాళ్లలో మంచి పేరుంది. ఆ పేరు సుల్తాన్ బజార్ దాకా రాలేదు, అంతే. కాబట్టి ‘ఎవరికీ తెలీదు’ అన్నప్పుడు ఏ ఊళ్లో తెలీదు, ఎవరికి తెలీదు అని కూడా అడగాలి.

ఇక అసలు ప్రశ్న. ప్రపంచంలో ట్రంపెట్ అనగానే రెండు పేర్లు ముందుకొస్తాయి: బాక్, యమహా. విన్సెంట్ బాక్ ఆస్ట్రియాలో పుట్టి, 1914లో అమెరికా చేరిన ట్రంపెట్ వాద్యకారుడు. 1918లో న్యూయార్క్‌లో మౌత్‌పీసులు (పెదవులు ఆనించి ఊదే భాగం) చేయడంతో మొదలుపెట్టి, 1920లలో ట్రంపెట్లలోకి వచ్చాడు. 1961లో కంపెనీని సెల్మర్‌కు అమ్మేశాడు. ఆ తర్వాత తయారీ ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌కు మారింది. ఆయన చేసినవి గొప్ప వాయిద్యాలు, అందులో సందేహం లేదు. కానీ వాటి పెత్తనం మరో దారిలో స్థిరపడింది. షికాగో సింఫనీలో 1948 నుంచి 2001 దాకా మొదటి ట్రంపెట్ కుర్చీలో కూర్చున్న అడాల్ఫ్ హెర్సెత్ బాక్ వాయించాడు. ఆర్కెస్ట్రాలో పక్కవాడి గొంతుతో మన గొంతు కలిసిపోవాలి కాబట్టి, ఉద్యోగం కావాలన్నవాడు ఆ రకం బాజానే పట్టుకుని ఆడిషన్‌కు వెళ్తాడు. వాడే రేపు టీచరై శిష్యులకు అదే చెబుతాడు. ఇలా రెండు మూడు తరాలు గడిచేసరికి బాక్ 37 మోడల్ గొంతు ఒక కంపెనీ గొంతుగా కాక, ట్రంపెట్ అంటే ఇలాగే ఉండాలి అనే కొలబద్దగా మారిపోయింది. మౌత్‌పీసుల్లోనూ అదే జరిగింది. వేరే కంపెనీ మౌత్‌పీసు చూసినా ‘బాక్ 7సీ సైజు లాంటిదా, 3సీ లాంటిదా?’ అనే అడుగుతారు. ఎల్క్‌హార్ట్ కార్మికులు 2006 నుంచి 2009 దాకా సమ్మెలో ఉన్నా ఆ పేరు తన చోటు నుంచి కదలలేదంటే అది ఎంత లోతుగా పాతుకుందో ఆలోచించండి.

చిన్న తయారీదారుకు ఇక్కడే చిక్కు. బాక్ 37కు నకలుగా చేస్తే ‘అసలుదే కొనుక్కుంటాంగా’ అంటారు. తనదైన ఆలోచనతో లీడ్‌పైప్ (మౌత్‌పీసు తర్వాతి గొట్టం) వెడల్పయ్యే తీరు మార్చినా, బెల్ (ముందుండే గరాటు) ఆకారం మార్చినా, రేకు మందం మార్చినా గాలి పట్టే తీరు మారుతుంది. పదేళ్లుగా ఒకే బాజా వాయించిన పెదవులు కొత్తదాని మీద అయిదు నిమిషాల్లో కుదురుకోవు. పై స్వరాలు జారినట్టు, శ్రుతి తప్పినట్టు అనిపిస్తుంది. వాయిద్యానికి అలవాటు పడాలంటే కొన్ని వారాలు కావాలి, దుకాణదారు ఇచ్చేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో గెలిచేది పాత అలవాటే. నిజంగా మెరుగైన ట్రంపెట్లు ఎన్నో ఇక్కడే ఓడిపోతాయి. ఇది అన్యాయం అని గట్టిగా చెప్పాలి.

రెండో కారణం మీకు బాగా తెలిసిందే. మీ బ్యాండ్ ఓనరు సరుకు ఎక్కడ తెస్తాడు? మీరట్ జలీ కోఠీలో. 1885 నుంచి నడుస్తున్న నాదిర్ అలీ కంపెనీ ఆ ఊరిదే. ట్రంపెట్, యుఫోనియం, సూసాఫోన్, డ్రమ్ములు అన్నీ ఒకే ఊళ్లో, ఒకే ప్రయాణంలో దొరుకుతాయి. ట్రంపెట్ మాత్రమే చేసే కంపెనీ, అది ఎంత గొప్పదైనా, ఓనరుకు ఎందుకూ పనికిరాదు. ఒక్క బాజా కోసం వేరే ఊరు, వేరే బేరం ఎవరు పెట్టుకుంటారు? అమెరికా బడుల్లోనూ ఇదే లెక్క. అక్కడ హైస్కూలుకు ఒక బ్యాండు ఉంటుంది. ఫ్లూట్ నుంచి ట్యూబా దాకా ఒకే డీలరు దగ్గర కొంటారు, రిపేరు కూడా అతనే చూస్తాడు. పిల్లలకు నెలవారీ అద్దెకిచ్చేవీ అవే. అన్నీ చేసే పెద్ద కంపెనీకి డీలరు గోడ మొత్తం ఇస్తాడు. ట్రంపెట్లు మాత్రమే చేసేవాడికి ఒక కొక్కెం దొరికితే గొప్ప. యమహా 1966లో తన మొదటి ట్రంపెట్ తెచ్చే నాటికే పియానోలు, ఆర్గాన్లతో ప్రపంచమంతా దుకాణాలు తెలిసిన కంపెనీ. షికాగోలో సొంతంగా ట్రంపెట్లు చేసే రెనాల్డ్ షిల్కీ సలహాలు కూడా దానికి తోడయ్యాయి. అదే షిల్కీ పేరుతో వచ్చే ట్రంపెట్లు నేటికీ ఎంతో మంచివి, కానీ మన దగ్గర వాటిని చూసినవాళ్లు తక్కువ.

మూడోది ఖర్చు. ట్రంపెట్ బెల్‌ను ఉక్కు మాండ్రెల్ (లోపలి అచ్చు) మీద ఇత్తడి రేకు సాగదీసి ఆకారానికి తెస్తారు. ఒక్కో మోడల్‌కు, ఒక్కో సైజుకు వేరే మాండ్రెల్ కావాలి, లీడ్‌పైప్‌కు వేరేది కావాలి. ఏడాదికి వేలల్లో చేసే ఫ్యాక్టరీకి ఆ ఖర్చు బాజాకు కొద్దిగా పడుతుంది. వందల్లో చేసేవాడికి నడ్డి విరుగుతుంది. కాలిఫోర్నియాలో జిగ్మంట్ కాన్‌స్టల్ 1981లో పెట్టిన కంపెనీ తన పేరుతోనే కాక ఇతర కంపెనీల పేర్లతో కూడా బాజాలు చేసి ఇచ్చింది. పనిలో ఎవరికీ తీసిపోదు. 2019లో మూతపడింది. ఆయన అంతకుముందు పనిచేసిన ఓల్డ్స్ కంపెనీ 1979లోనే ఆగిపోయింది. దాని అంబాసిడర్ మోడల్ స్కూలు పిల్లల కోసం చేసినదైనా, ఇప్పటికీ పెద్దవాళ్లు వెతుక్కుని కొంటారు. కంపెనీ మూతపడితే కొనేవాళ్లకు ఒకే భయం: రేపు పిస్టన్ పోతే ఎవరిస్తారు?

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది మాత్రం చవక సరుకు. ఎర్రవి, నీలంవి, నల్లవి రంగులేసిన ట్రంపెట్లు, ఏ పేరైనా చెక్కించుకోవచ్చు అన్నట్టు ఆన్‌లైన్‌లో కుప్పలుగా ఉన్నాయి. రేకు మెత్తన, పిస్టన్ వదులు, టంకం ఊడిపోతుంది. ఒక తండ్రి వాటిలో ఒకటి కొని ఆరు నెలల్లో పక్కన పడేస్తే, ఇక జన్మలో తెలియని పేరు ముట్టుకోడు. తైవాన్‌లోని జూపిటర్, కరోల్ బ్రాస్, జర్మనీలోని బీ అండ్ ఎస్, నెదర్లాండ్స్‌లోని ఆడమ్స్ లాంటివాళ్లు పద్ధతిగా చేసిన వాయిద్యం కూడా అతని కంటికి అదే కుప్పలోది. మంచి అపరిచితుడికీ, మోసగాడికీ తేడా తెలుసుకునే సాధనం కొనేవాడి చేతిలో లేనప్పుడు, అతను పేరుకు డబ్బు కడతాడు. అందులో తెలివితక్కువతనం లేదు. పరీక్షించడం రాని చోట పేరే రక్షణ.

అంటే పరీక్షించడం వస్తే ఆ డబ్బు మీకు మిగులుతుంది. స్ప్లెండర్ బండి ఏ గల్లీ మెకానిక్కైనా బాగుచేస్తాడు కాబట్టి జనం కొంటారు. యమహా ట్రంపెట్‌కు మన ఊళ్లో అంత సౌకర్యం ఉందా? స్ప్రింగులు, ఫెల్టులు (చప్పుడు రాకుండా పెట్టే మెత్తలు), వాల్వ్ గైడ్లు (పిస్టన్ పక్కకు తిరగకుండా పట్టే చిన్న ముక్కలు) దానికైనా చాలాసార్లు డీలరు ద్వారా తెప్పించుకోవాల్సిందే. కాకపోతే తెప్పించుకునే దారి ఉంది, గెట్జెన్‌కు ఆ దారి మీరే వెతుక్కోవాలి. హైదరాబాద్‌లో పేరుకు ఉన్న అసలు విలువ ఆ తేడా, దాంతోపాటు అబ్బాయి మానేస్తే మళ్లీ అమ్ముకోగలగడం. రెండూ చిన్న విషయాలు కావు. కానీ సగం ధర తేడాను అవి మింగేస్తాయా అన్నది ఆ పాత బాజా ఆరోగ్యం మీద ఆధారపడుతుంది.

కాబట్టి అమ్మే ఆయన ఇంటికి మళ్లీ వెళ్లండి, పగటి వెలుతురులో. వెంట పల్చటి వాల్వ్ ఆయిల్, మెత్తటి నూలు గుడ్డ, అబ్బాయి మౌత్‌పీసు, ట్యూనర్ ఉన్న ఫోను తీసుకెళ్లండి. గొంతు బాగుందని మీకు ముందే తెలుసు, కాబట్టి దాన్ని పక్కనపెట్టండి. నూనె రాసి తుడిచిన బాజా ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది.

మొదట వాల్వులు. ట్రంపెట్ ప్రాణం అక్కడుంది. మిగతావి ఏవైనా బాగుచేసుకోవచ్చు, వాల్వులు అరిగితే ఖర్చు బాజా ధరను దాటవచ్చు. మూడు పిస్టన్లూ ఒక్కొక్కటిగా తీసి గుడ్డతో పూర్తిగా తుడవండి. చిక్కటి నూనె పోస్తే అరిగిన వాల్వు కూడా తాత్కాలికంగా బిగువుగా అనిపిస్తుంది, అందుకే తుడవడం తప్పనిసరి. గెట్జెన్ పిస్టన్ల మీద నికెల్ పూత ఉంటుంది. ఆ పూత నునుపుగా ఒకే రంగులో ఉండాలి. ఎక్కడైనా పసుపు లేదా ఎర్ర రంగు మచ్చ కనబడితే, నిలువు గీతలు వేలికి తగిలితే పూత లేచిపోతోందని అర్థం. ఇప్పుడు పల్చటి నూనె మూడు చుక్కలు వేసి, నంబర్లు చూసి దేని చోట దాన్ని పెట్టండి. గైడు గాడిలో కూర్చున్నట్టు చిన్న శబ్దం రావాలి, లేకపోతే ఊదినా గాలి పోదు. ఏ వాల్వూ నొక్కకుండా మొదటి వాల్వు స్లయిడ్‌ను (బయటికి జరిగే గొట్టాన్ని) రెండు మూడు సెంటీమీటర్లు బయటికి లాగి, మూడు క్షణాలు పట్టుకుని, అప్పుడు మొదటి వాల్వు నొక్కండి. ‘టప్’మని చప్పుడు రావాలి. మూడో స్లయిడ్‌తో, మూడో వాల్వుతో అలాగే చేయండి. చప్పుడు రాకపోతే గాలి ఎక్కడో కారుతోంది. స్లయిడే వదులై ఉండొచ్చు, గ్రీజు రాసి మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే ఆ బేరం వదిలేయండి. మన దగ్గర సొట్ట తీసే చేతులు, టంకం పెట్టే చేతులు ఉన్నాయి. పిస్టన్‌కు కొత్త పూత వేసి కేసింగ్‌కు (పిస్టన్ కూర్చునే గొట్టానికి) సరిగ్గా సరిపోయేలా తీర్చడానికి వేరే యంత్రాలు కావాలి, ఆ పనికి చాలా దూరం పంపాల్సి వస్తుంది.

వాల్వు కేసింగ్ మీద సొట్ట ఉన్నా వదిలేయండి. బెల్ మలుపులో, అంచులో సొట్టలు పెద్దగా బాధించవు, ధర తగ్గించమని అడగడానికి మాత్రం పనికొస్తాయి.

తర్వాత లీడ్‌పైప్. మౌత్‌పీసు పెట్టే చోటి నుంచి ట్యూనింగ్ స్లయిడ్ దాకా ఉండే గొట్టం అది. స్లయిడ్ తీసి, ఫోను లైటు వేసి లోపల చూడండి. పచ్చగా, తెల్లగా పాచి కట్టి ఉంటే కడిగితే పోతుంది. కానీ బయట లక్కరు (మెరుపు పూత) కింద గులాబీ రంగు అంచుతో ముదురు చుక్కలు ఉంటే, అది లోపలి నుంచి వచ్చే తెగులు. ఇత్తడిలోని జింకు పోయి రాగి మిగిలి, రేకు గుల్లబారుతుంది. వాయించాక నోటి తడి అక్కడే నిలిచిపోవడం దీనికి ముఖ్య కారణం. లీడ్‌పైప్ మార్చవచ్చు, కానీ అదే కొలత గొట్టం ఇక్కడ దొరకడం కష్టం.

మౌత్‌పీసు సుమారు 2.5 సెంటీమీటర్లు లోపలికి వెళ్లి, మెలిపెట్టినా కదలకుండా కూర్చోవాలి. లూజుగా ఉంటే శ్రుతి ఎప్పటికీ కుదరదు. మీ మీరట్ బాజా మౌత్‌పీసు దీనికి సరిపోతుందనుకోకండి, కొలత వేరై ఉండొచ్చు. అబ్బాయికి 7సీ సైజు చాలు. యమహాతో పాటు వచ్చే 11బీ4 కూడా ఇంచుమించు ఆ కొలతే.

స్లయిడ్లు నాలుగూ చేత్తో కదలాలి. మూడో స్లయిడ్ మరీ ముఖ్యం, ఎందుకంటే గ్రేడ్ పరీక్షకు వెళ్లే పిల్లాడు వాయిస్తూనే దానికున్న ఉంగరంలో వేలు పెట్టి జరపాలి. మొదటి, మూడో వాల్వులు కలిపి నొక్కే కింది డీ స్వరం ఎక్కువ శ్రుతిలో పలుకుతుంది, మూడూ కలిపి నొక్కే సీ షార్ప్ ఇంకా ఎక్కువ. డీకి సుమారు ఒక సెంటీమీటరు, సీ షార్ప్‌కు రెండుకు పైగా స్లయిడ్ బయటికి రావాలి. అది బిగుసుకుపోయి ఉంటే పట్టకారుతో లాగొద్దు. టంకం ఊడుతుంది. పని తెలిసినవాడు వేడిచేసి తీస్తాడు.

చివరగా ట్యూనర్. దాన్ని 440 హెర్ట్జ్ మీద పెట్టి, ట్యూనింగ్ స్లయిడ్‌ను సెంటీమీటరున్నర లాగి, రాతలో సీ అని ఉండే స్వరం సరిచేసుకోండి. ట్యూనర్ దాన్ని బీ ఫ్లాట్ అని చూపిస్తుంది, అది సరైనదే. వాల్వు లేకుండా పలికే పై ఈ కొద్దిగా తగ్గుతుంది. అది ఈ బాజా దోషం కాదు. గొట్టంలో సహజంగా పుట్టే స్వరాల వరుసలో అయిదోది ట్యూనర్ లెక్క కంటే 14 సెంట్లు తక్కువ, సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు. ఏ ట్రంపెట్‌లోనైనా ఆ తగ్గుదల వైపు మొగ్గు ఉంటుంది, మంచి తయారీదారు దాన్ని చాలావరకు కప్పిపుచ్చుతాడు. కాబట్టి ఒక్క స్వరాన్ని చూసి తిరస్కరించకండి. వీలైతే వాళ్ల మాస్టర్‌ను తీసుకెళ్లి, ఆయన సొంత బాజాతో అవే స్వరాలు పక్కపక్కన వాయించమనండి. ఆయన చెవి ట్యూనర్ కంటే నమ్మదగ్గది.

ఇవన్నీ దాటితే మా సలహా స్పష్టం: గెట్జెన్ కొనండి. మిగిలిన డబ్బులో కొంత వెంటనే విడిభాగాలకు ఖర్చుపెట్టండి. స్ప్రింగులు మూడు, పై మూతల కింది ఫెల్టులు, వాల్వ్ గైడ్లు, లోపలి తడి బయటికి వదిలే వాటర్ కీలకు కార్కులు ఉంటే అవి రెండు. ఆర్డరు ఇచ్చేటప్పుడు మోడల్ పేరుతోపాటు వాల్వు కేసింగ్ మీద ఉన్న నంబరు రాసి పంపండి. గెట్జెన్ వాల్వు మూతల మర యమహాకు, బాక్‌కు సరిపోతుందని అనుకోవద్దు, బలవంతంగా తిప్పితే మర చెడి అసలు మూత కూడా పట్టదు. వాల్వుల పరీక్షలో అనుమానం వచ్చినా, మాస్టర్ వచ్చి చూడటం కుదరకపోయినా యమహా 2330 తీసుకోండి. బోర్ (గొట్టం లోపలి వెడల్పు) 11.65 మిల్లీమీటర్లు, మోనెల్ లోహపు పిస్టన్లు, పిల్లాడి ఊపిరికి సరిపడే వాయిద్యం. అప్పుడు మీరు కట్టే అదనపు డబ్బు నిశ్చింత కోసం, అది వృథా కాదు. పరీక్షించలేనప్పుడు పేరున్నదే కొనాలన్న విషయంలో ఆయన మాట సరైనదేనని ఉస్తాద్‌కు కూడా చెప్పండి.

ఏది కొన్నా ఒక జాగ్రత్త. మన ఊళ్లో బోరు నీళ్లు గట్టివి. వాటితో కడిగి అలాగే ఆరబెడితే లోపల సున్నం పేరుకుని స్లయిడ్లు బిగుసుకుంటాయి. నెలకోసారి గోరువెచ్చటి మంచినీళ్లతో, రెండు చుక్కల గిన్నెలు తోమే ద్రవంతో కడిగి గుడ్డతో తుడవండి. మరిగే నీళ్లు పోస్తే లక్కరు లేచిపోతుంది. కొబ్బరినూనె వాల్వులకు వద్దు, డిసెంబరు పొద్దున్న గడ్డకట్టి పిస్టన్లు పైకి లేవవు. కింద పెట్టేటప్పుడు రెండో వాల్వు స్లయిడ్ పైకి ఉండేలా పెట్టమని అబ్బాయికి మొదటి రోజే నేర్పండి. ఆ స్లయిడ్ మీద బరువు పడితే కేసింగ్ వంగి రెండో పిస్టన్ ఇరుక్కుంటుంది. మీ బాజాకు కూడా ఏమైనా రిపేరు ఉంటే ముహూర్తాలు లేని ఆషాఢంలో ఇవ్వండి, అప్పుడు టంకం పనివాడికి తీరిక ఉంటుంది, తొందరపెట్టకుండా చేయించుకోవచ్చు.